చూపుకి ఆగిన గోడ

గాజుపలక విరిగితే ఎవరైనా ఊడ్చి అవతల పారేస్తారు. మాణిక్యాంబ మాత్రం దాన్ని చేతిరుమాల్లో మూటగట్టుకుని వైస్ చాన్సలర్ గారి గది ముందు కూర్చుంది.

ఆవిడ గోదావరి జిల్లాలో ఒక విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెబుతుంది. ఆడపిల్లల హాస్టలుకి వార్డెను కూడా. ఆ వార్డెను పని ఎవరికి ఇస్తామన్నా వాళ్ల ఇంట్లో ఎవరికో ఒకరికి జబ్బు చేస్తుండేసరికి, చివరికి దాన్ని తెచ్చి ఈవిడ మెడకి చుట్టారు. హాస్టలు కట్టి ఎన్నాళ్లో కాలేదు, ఇంకా రంగు వాసన కూడా పోలేదు, అప్పుడే మెస్సు గోడకి బీట పడింది. పై పూతకే పడిందా, గోడకే పడిందా అన్నది తేలాలి. మాణిక్యాంబ తన ల్యాబులోంచి మైక్రోస్కోపు గాజుపలక ఒకటి తెచ్చి, బీటకి అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికించింది. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. రోజూ పొద్దున్నే కాఫీ తాగి వెళ్లి చూసి వచ్చేది. ఆ వేళ చూసేసరికి గాజు రెండు ముక్కలై ఉంది. లోపల పిల్లలు ఇడ్లీలు తింటున్నారు. ఆవిడ ముక్కలు ఊడదీసి చేతిరుమాల్లో కట్టుకుంది.

లోపలికి పిలిచేసరికి అక్కడ ముగ్గురున్నారు. వైస్ చాన్సలర్ ఆచార్య సోమలింగం గారు, ఆయన చదివింది పరిపాలనా శాస్త్రం. యూనివర్సిటీ ఇంజనీరు వీరభద్రయ్య గారు, హాస్టలు కట్టించింది ఆయనే. సోఫాలో కాలు మీద కాలేసుకుని కాంట్రాక్టరు తాతబ్బాయి, కట్టింది ఇతను. ముగ్గురూ ఏదో దిగులుగా ఉన్నారు. హాస్టలు సంగతి కాదు లెండి. ర్యాంకులు ఇచ్చే సంస్థవాళ్లు ఒక ప్రశ్న పంపారు, మీ విశ్వవిద్యాలయం ప్రపంచానికి అందించిన మౌలిక సిద్ధాంతం ఏది అని. అంతా వెతికారు. ఒక్కటీ దొరకలేదు.

మాణిక్యాంబ రుమాలు విప్పి, గోడ కదులుతోందని, పిల్లల్ని వెంటనే ఖాళీ చేయించాలని చెప్పింది. వీరభద్రయ్య గారు గాజుముక్కల్ని ముట్టుకోలేదు. ఈ బీటను తమరు ఎన్నాళ్ల నుంచి చూస్తున్నారని మాత్రం అడిగారు. పడ్డ దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నానంది ఆవిడ. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"మరదేనండి," అన్నాడు తాతబ్బాయి. "దిష్టండి. కట్టేటప్పుడే గుమ్మడికాయ వేలాడగడతానంటే, యూనివర్సిటీలో అలాంటివి కుదరవు, ఇక్కడంతా సైన్సు అన్నారండి. ఆడపిల్లల హాస్టలు కదండీ, దారినపోయే ప్రతివాడూ తలెత్తి చూసేవాడే. పచ్చి గోడ ఎన్నని తట్టుకుంటాదండి?"

మాణిక్యాంబకి నవ్వొచ్చింది. నవ్వింది కూడా. గదిలో ఇంకెవరూ నవ్వకపోయేసరికి మధ్యలో ఆపేసింది. సోమలింగం గారు కళ్లు మూసుకున్నారు, తెరిచారు. మళ్లీ మూసుకున్నారు, మళ్లీ తెరిచారు. ఆ తర్వాత కలం తీసుకున్నారు.

"కన్ను మూసితిమి, లోకమంతా చీకటి. తెరచితిమి, లోకమంతా వెలుగు," అన్నారాయన. "కనుక వెలుగు ఉన్నది కంటిలోనే. అది బయలుదేరి పోయి పదార్థమును తాకుచున్నది. తాకి తాకి అరగదీయుచున్నది. నడుమ సూర్యుడు చేసినదేమి? నిమిత్తమాత్రుడు."

అలాగైతే దీపం లేని గదిలో కళ్లు తెరిచినా ఏమీ కనపడదేమని మాణిక్యాంబ అడిగింది. అది సాంకేతిక అంశమని, దానికి ఉపసంఘం వేస్తామని ఆయన సెలవిచ్చారు. హాస్టలు సంగతి అడిగితే, ఇంత గొప్ప ఆవిష్కరణ వేళ ఇటుకల గురించి మాట్లాడటం బాగుండదన్నారు. ఆవిడ గాజుముక్కలు మళ్లీ మూటగట్టుకుని బయటికొచ్చింది.

పుట్టిన సిద్ధాంతానికి నేత్రోద్గమ వాదం అని పేరు పెట్టారు. అధ్యయన కేంద్రం పెట్టారు. దానికో డైరెక్టరు, ఆయనకో కారు, కారుకి నల్ల అద్దాలు. మొదటి సర్క్యులరు ఇలా వచ్చింది: "పదార్థమనగా చూపునకు ఎదురు నిలుచు మొండితనము. మొండితనము చాలని పదార్థము మొహమాటపు పదార్థమనబడును. విశ్వవిద్యాలయ ఆస్తులలో అధికభాగము మొహమాటపు పదార్థముతో నిర్మితమైనందున, సిబ్బంది మరియు విద్యార్థులు వానిని అనవసరముగా చూడరాదు. అవసరమైన యెడల ముందస్తు అనుమతితో ఓరచూపు చూడవచ్చును."

ఇలాంటిది వస్తే ఎవరో ఒకరు గొడవ చేస్తారని మాణిక్యాంబ ఎదురుచూసింది. ఎవరూ చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? అందులో అందరికీ అంతో ఇంతో సుఖం ఉంది. గుమాస్తాలు ఫైళ్లు చూడటం మానేశారు, చూస్తే కాగితం అరుగుతుంది కదా. ఆచార్యులు జవాబు పత్రాలు చూడకుండానే మార్కులు వేశారు, ఆ ఏడు అందరూ పాసయ్యారు. లైబ్రేరియను గారు పుస్తకాల అక్షరాలు అరిగిపోతున్నాయని బీరువాలకి తాళాలు బిగించి హాయిగా మధ్యాహ్నం ఇంటికెళ్లి పడుకున్నాడు. క్యాంటీనువాడు సాంబారు పలచబడటానికి కారణం వరసలో నిలబడినవాళ్ల చూపులేనని బోర్డు పెట్టాడు. ఫిజిక్సు ల్యాబులో భూతద్దాలన్నీ చూపును పదునుపెట్టే ఆయుధాల కింద లెక్కగట్టి సెక్యూరిటీవాళ్లు పట్టుకుపోయారు.

హాస్టలు చుట్టూ మాత్రం పచ్చటి వల కట్టారు. దూరం నుంచి చూస్తే పెద్ద దోమతెర దింపినట్టుండేది. దూరం నుంచి కూడా చూడకూడదనుకోండి. లోపల ఉండే ఆడపిల్లలు గడప దగ్గర్నుంచి తమ మంచం దాకా తలొంచుకుని నడవాలని, గోడల్నీ స్తంభాల్నీ చూడకూడదని ఇంకో సర్క్యులరు. రోజూ పొద్దున్నే మాణిక్యాంబ ఆ వల ఎత్తుకుని లోపలికి దూరి కొత్త గాజుపలక అతికించేది. అదీ విరిగేది.

క్లాసులో మాత్రం ఆవిడ తనకి తెలిసిందే చెప్పింది. వెలుగు దీపంలోంచి వస్తుంది, వస్తువు మీద పడుతుంది, పడి మన కంట్లోకి వస్తుంది అని చెప్పి, గంట కొట్టే ముందు, పరీక్షలో రాయాల్సింది వేరే ఉందని అది కూడా చెప్పేది. నూకరత్నం అని ఎమ్మెస్సీ పిల్ల, హాస్టల్లో ఉంటుంది, ఊరుకునే రకం కాదు. మార్కులొచ్చేది రెండోదానికే అయినప్పుడు మొదటిది నేర్చుకోవడం ఎందుకండీ అని లేచి అడిగింది. గోడల దగ్గర పనికొస్తుందని మాణిక్యాంబ జవాబు. ఆ పిల్లకి మెస్సులో బీట సంగతి తెలుసు, ఇంకేం అడక్కుండా కూర్చుంది.

మాణిక్యాంబ పెట్టిన అర్జీలు పడలేక ఒకరోజు పరిశీలన సంఘం వచ్చింది. నలుగురు పెద్దమనుషులు. కట్టడానికి హాని కలక్కుండా కళ్లకి తువ్వాళ్లు కట్టుకుని వచ్చారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా మెస్సులోకి నడిచారు. గోడల్ని తడిమారు. ఒకాయన పొరపాటున వంటమనిషిని తడిమి, ఆవిడ చేతిలో గరిటె దెబ్బ తిని, ఇక్కడ పదార్థం దృఢంగా ఉందని రాయించారు. బీటలోకి ఇంకొకాయన వేలు దూరింది. ఇది కిటికీయా అని అడిగారాయన. కిటికీయేనని వీరభద్రయ్య గారు చెప్పారు. "సంఘ సభ్యులకు ఎట్టి లోపమును కనిపించలేదు" అని నివేదిక వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు.

వానలు మొదలయ్యాయి. హాస్టల్లో గదుల తలుపులు ఒకటొకటిగా బిగుసుకుపోసాగాయి. నిన్న వేసిన తలుపు ఇవాళ పడదు, చౌకట్టు ఒరిగిపోయింది. చెక్క తేమకి ఉబ్బిందని ఇంజనీరు గారి మాట. ఇనుప తలుపులు కూడా ఉబ్బుతాయా అని మాణిక్యాంబ అడిగింది. ఉబ్బుతాయన్నారాయన. బీట గోడ దాటి దూలంలోకి పాకింది. పిల్లలు మంచాలన్నీ గదికి ఒక పక్కకి జరుపుకుని పడుకుంటున్నారు. నూకరత్నం ఏమీ అడగటం లేదు, మాణిక్యాంబ మొహం వంక చూస్తోంది, అంతే. అది భరించలేకపోయింది ఆవిడ. భయం వేసింది. ఆ ముగ్గురు మగవాళ్ల మీద ఒళ్లు మండింది. మండి, మండి, ఆ మంటలోనే ఒక ఆలోచన పుట్టింది.

ఆ పూట వైస్ చాన్సలర్ గారి గదిలోకి ఆవిడ గాజుముక్కలు పట్టుకెళ్లలేదు. నేత్రోద్గమ వాదంలో తనకి చిన్న సందేహం వచ్చిందని చేతులు కట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లకి దారికొచ్చిందని ఆయన సంతోషించి కూర్చోమన్నారు.

"సార్, మన పిల్లలు గోడల్ని చూడకుండా తలొంచుకునే నడుస్తున్నారండి, అందులో లోపం లేదు," అంది మాణిక్యాంబ. "కాని పడుకున్నాకో? వెల్లకిలా పడుకున్న మనిషికి ఎదురుగా ఉండేది శ్లాబే కదండీ. గదికి నలుగురు. వయసు పిల్లలు, కళ్లు చురుకు. పైగా పరీక్షల బెంగతో తెల్లవార్లూ నిద్ర పట్టక అలా పైకే చూస్తుంటారు. బయట వల కట్టాం సరే, లోపల్నుంచి ఇంత చూపు నేరుగా పైకి పోతుంటే ఆ శ్లాబు గతేం కావాలండీ?"

సోమలింగం గారి చేతిలో టీ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. పక్క కుర్చీలో ఉన్న వీరభద్రయ్య గారు లేచి నిలబడ్డారు. ఇంత చిన్న విషయం తనకి తట్టలేదే అని నుదురు కొట్టుకున్నారు. పిల్లల్ని బోర్లా పడుకోబెడితే సరిపోతుందా అని కాసేపు చర్చించారు గాని, నిద్రలో దొర్లితే బాధ్యత ఎవరిదన్న చోట తెగలేదు. సాయంత్రానికల్లా లారీలొచ్చాయి. ఆస్తి పరిరక్షణ నిమిత్తం ఆడపిల్లల్ని, వాళ్ల ట్రంకుపెట్టెల్ని, పరుపుల్ని, మెస్సు వంటపాత్రలతో సహా పాత స్నాతకోత్సవ మందిరంలోకి తరలించారు. అది ఎప్పటిదో సున్నపు కట్టడం, ఎంతమంది చూసినా చలించేది కాదు.

ఆఖరి లారీ కదులుతుంటే మాణిక్యాంబకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లు చెప్పిన చదువు చెయ్యలేని పని ఒక పూట ఆడిన అబద్ధం చేసిపెట్టింది. సిగ్గేసింది. పిల్లల తలకాయలు లెక్కపెట్టుకుంది, అందరూ ఉన్నారు. సిగ్గు ఉండనీ అనుకుంది.

వారం తిరక్కుండా ఒక వాన మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ, మెస్సు హాలు కూలింది. దాని వెనకే పై అంతస్తులు. ఒక్కరికి చిన్న దెబ్బ కూడా తగల్లేదు, తగలడానికి ఎవరూ లేరు. నూకరత్నం పరిగెత్తుకొచ్చి మాణిక్యాంబ పక్కన నిలబడింది. శిథిలాల్లో తను రోజూ కూర్చునే బల్ల ఎక్కడుండాలో వెతుక్కుంది ఆ పిల్ల. అది దూలం కింద ఉంది. మాణిక్యాంబ చెయ్యి గట్టిగా పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

విచారణ సంఘం వేశారు. వానను విచారించారు, వానకు కళ్లు లేవు గనక నిర్దోషి. సిమెంటును విచారించే అవసరం లేదు, అది బాధిత పక్షం. పిల్లల్ని ముందే తరలించారు. చుట్టూ వల ఉంది. అయినా కట్టడం కూలింది. కాబట్టి ఎవరో చూసి ఉండాలి. వార్డెను మేడం గారు రోజూ పొద్దున్నే వల ఎత్తుకుని లోపలికెళ్లి గోడకేసి తదేకంగా చూసేవారని వాచ్‌మన్ చెప్పాడు. ఇంకేం కావాలి. మాణిక్యాంబని పిలిపించి, చూసిన మాట నిజమేనా అని అడిగారు.

"చూశాను," అంది మాణిక్యాంబ. "రోజూ చూశాను. మీరెవరూ చూడరని తెలిశాక ఇంకా ఎక్కువ చూశాను."

ఒప్పుకున్నందుకు శిక్ష కొంత తగ్గించారు. వార్డెను పదవి తీసేశారు, ఇంక్రిమెంటు ఆపేశారు, ప్రాంగణంలో ఉన్నంతసేపూ నల్లకళ్లద్దాలు పెట్టుకోవాలన్నారు. "డాక్టరు మాణిక్యాంబ గారి చూపు అసాధారణ పీడనము కలదని ఇందుమూలముగా నిర్ధారణ అయినది" అని ముద్ర వేసి ఇచ్చారు. నేత్రోద్గమ వాదానికి అది మొదటి ప్రయోగ నిరూపణ. ర్యాంకుల సంస్థవాళ్లు విశ్వవిద్యాలయాన్ని బాగా పైకి జరిపారు. సోమలింగం గారికి శాలువా కప్పారు.

అక్కడి నుంచి మాణిక్యాంబ నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. కొత్త స్కూటరు కొన్నవాళ్లు దానిమీద దుప్పటి కప్పేవారు. చంటిపిల్లల తల్లులు కొంగు అడ్డం పెట్టేవారు. క్యాంటీనువాడు ఆవిడ వచ్చీ రాగానే వేడి గారెలు నాలుగు ముందు ఆవిడ ప్లేట్లో పెట్టేసేవాడు, మిగతా వాయిని చూడకుండా వెళ్లిపోతుందని. ఇది తప్ప ఆ సిద్ధాంతం వల్ల తనకి కలిగిన మేలేమీ లేదని ఆవిడ ఇంట్లో చెప్పుకునేది.

ఇక కొత్త హాస్టలు కట్టాలి. టెండరు తాతబ్బాయికే వచ్చింది, కూలిన హాస్టలు మీద అనుభవం ఉన్నది అతనొక్కడికే గనక. అయితే ఈసారి వీరభద్రయ్య గారు పద్ధతి ప్రకారం పోయారు. సిద్ధాంతం నిరూపణ అయ్యాక నిర్మాణ నిబంధనల్లో దానికి చోటివ్వకపోతే ఆడిటువాళ్లు ఊరుకోరు. అందుకని కొత్త నిబంధన రాశారు: "నూతన కట్టడము ప్రతి దశయందును, విశ్వవిద్యాలయమునకు అందుబాటులో గల అత్యంత తీవ్రమైన చూపునకు నిలువవలెను. నిలిచినట్లు సదరు చూపు గలవారు ధ్రువీకరించనిదే బిల్లు చెల్లింపు జరుగదు."

సదరు చూపు గలవారు విశ్వవిద్యాలయం మొత్తానికి ఒక్కరే.

మొదటిరోజు మాణిక్యాంబ పునాదుల దగ్గరికి వెళ్లేసరికి తాతబ్బాయి కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి ఉంచాడు. ఆవిడ కూర్చోలేదు. నల్లకళ్లద్దాల మీద చెయ్యి పెట్టి, తియ్యమంటారా అని అడిగింది. అతనికి పెద్ద ఇరకాటం. దిష్టీ లేదు పాడూ లేదు అనేద్దామంటే ఆ మాట మొదట ఎత్తిందే తను, దాన్ని పట్టుకునే అప్పుడు బయటపడ్డాడు. ఉందంటే ఈవిడ కళ్లద్దాలు తీస్తుంది, ఇది నిలవలేదని రాస్తుంది, బిల్లు పోతుంది.

"ఆగండాగండి మేడంగారూ," అన్నాడు. "చూసే ముందు నోటితో చెప్పండి. ఏవైనా సర్దాలంటే సర్దేత్తాను."

ఈ కమ్మీలు చాలా సన్నం, నా చూపుకి ఆగవు అంది ఆవిడ. ఎంత లావైతే ఆగుతాయో అడిగాడు. ప్లానులో ఎంత ఉందో అంత లావైతే ఆగుతాయంది. మర్నాటికి కమ్మీలు మారాయి. ఇసకలో మట్టి ఉంది, ఆగదంది. ఇసక మారింది. సిమెంటు పాళ్లు చూసి ఇది మరీ మొహమాటపడుతోందండీ అంటే, బస్తాలు దిగాయి. కట్టిన గోడకి వారమైనా నీళ్లు పెట్టకపోతే నేను ఆ పక్కగా నడిచినా పడిపోతుందని చెబితే, కూలివాళ్లు రెండు పూటలా గొట్టాలతో తడిపారు. ఇంత గట్టిగా తాను జన్మలో కట్టలేదని తాతబ్బాయి అందరితో చెప్పుకుని బాధపడేవాడు. ఆవిడ గోడల మీద మళ్లీ గాజుపలకలు అతికిస్తుంటే ఎవరూ అడ్డుచెప్పలేదు. అవి చూపు కొలిచే మీటర్లని వీరభద్రయ్య గారు వచ్చినవాళ్లకి వివరించేవారు.

వానలు వచ్చాయి, వెళ్లాయి. గాజు ఒక్కటీ విరగలేదు. ప్రారంభోత్సవం నాడు సోమలింగం గారు మాట్లాడుతూ, చూపునకు నిలిచిన తొలి కట్టడమిదేనని, ఈ ఘనత సిద్ధాంతానిదేనని చెప్పి మళ్లీ శాలువా కప్పించుకున్నారు. మాణిక్యాంబని వేదిక మీదికి పిలవలేదు. వేదిక తాత్కాలికం, ఆవిడ చూపుకి ఆగేది కాదు.

గుమ్మం మీద మాత్రం తాతబ్బాయి ఈసారి ఎవరినీ అడక్కుండా దిష్టిబొమ్మ కట్టించాడు. ఎర్ర నాలుక, కోరలు, మిడిగుడ్లు. మామూలు బొమ్మకి మీసం ఉంటుంది, దీనికి లేదు. నడినెత్తిన ముడి, నుదుట కాసంత బొట్టు, కళ్లకి నల్లద్దాలు. ట్రంకుపెట్టె మోసుకొస్తున్న నూకరత్నం అది చూసి ఆగిపోయింది. ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇది పీకించేద్దాం మేడం అంది. ఉండనియ్యవే, బొట్టు బాగా కుదిరింది అంది మాణిక్యాంబ.

పిల్లలు పెట్టెలతో, బకెట్లతో లోపలికి పోతున్నారు. కొత్త సున్నం వాసన వేస్తోంది. నూకరత్నం పెట్టె కింద పెట్టి, ఊరుకునే రకం కాదు కదా, మళ్లీ అడిగింది.

"ఈ హాస్టలు ఎందుకు నిలబడిందో వివరించుము అని ఈసారి పేపర్లో తప్పకుండా ఇస్తారండి. ఏం రాయమంటారు?"

"ఒకళ్లు రోజూ చూడబట్టి అని రాయి," అంది మాణిక్యాంబ. "రెండు సిద్ధాంతాల్లోనూ మార్కులొస్తాయి."

అని, నల్లకళ్లద్దాలు తీసి కొంగున తుడుచుకుని, మెస్సు గోడ చూడటానికి లోపలికి నడిచింది.